బెజవాడలో ఉన్న జెడ్డు

ప్రశ్న: మేం గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. నేను పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియం, తర్వాత డిగ్రీ ఇక్కడే. మా వాడు మూడో తరగతి. వాళ్ల స్కూల్లో ఫోనిక్స్ చెబుతున్నారు. మొన్న హోంవర్కు చేయిస్తూ ‘జూ’ అన్నాను. ‘అమ్మా, జూ కాదు, జూ’ అన్నాడు. నాకు రెండూ ఒకేలా వినిపించాయి. వాడూ వాళ్ల నాన్నా నవ్వుకున్నారు. నా పలుకు వాడికి అంటుకుంటుందేమో, ట్యూషన్‌కి పంపిద్దాం అంటున్నారు మావారు. స్పెల్లింగులు మాలాగా బట్టీ పట్టించాలా, వేరే దారి ఉందా? ఇంకోటి, వాడు అడిగినది: ‘వన్’ స్పెల్లింగులో డబ్ల్యూ లేదు కదా, ఓతో మొదలయ్యేదాన్ని వన్ అని ఎందుకంటాం? నాకు జవాబు తోచలేదు. సిగ్గేసి మీకు రాస్తున్నాను. – ఒక అమ్మ

సమాధానం:

అమ్మా,

ముందు ఆ నవ్వు సంగతి తేల్చేద్దాం. ఇంట్లో విజయవాడ నుంచి ఎక్కిన రైలు టికెట్టు ఏదైనా ఉంటే తీసి, ఊరి పేరు పక్కన ఉండే కోడ్ మీ వారికి చూపించండి. బీ, జెడ్, ఏ. మనకి విజయవాడ అయి ఎన్నాళ్లయినా రైళ్లకి అది ఇంకా బెజవాడే. దొరల కాలంలో బెజవాడని ఇంగ్లీషులో రాసినప్పుడు మధ్యలో జే పెట్టలేదు, జెడ్ పెట్టారు. మనవాళ్లు ‘బెజ’ అన్నప్పుడు వాళ్ల చెవికి జెడ్ లాంటిదే వినిపించి ఉండాలి. మనకి జెడ్ నోరు తిరగదనే వాళ్లకి ఆ మూడక్షరాలు చాలు.

వర్ణమాలలో జ ఒక్కటే గానీ మన నోట్లో రెండున్నాయి. ‘జీలకర్ర’ అనండి. తర్వాత ‘జొన్నలు’ అనండి. మెల్లగా, నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకుంటూ. జీలకర్రకి నాలుక వెడల్పుగా లేచి అంగిటికి అతుక్కుంటుంది. జొన్నలకి కొన మాత్రమే పైపళ్ల వెనక తగిలి వదిలేస్తుంది. పాత నిఘంటువుల్లో ఈ జొన్నల జకి పైన చిన్న గుర్తు పెట్టి వేరు చేసేవారు. చకారమూ అంతే, చీమలో చ వేరు, చుక్కలో చ వేరు. బెజవాడలో ఉన్నది జొన్నల జ. దానికీ జెడ్‌కీ మధ్య ఒక్క అడుగే దూరం: ఆ కొన తగలబోయి ఆగిపోవాలి, మిగిలిన సందులోంచి గాలి తుమ్మెద రొదలా సాగాలి. అది కుదరకపోతే ఇంకో దారి. పాము బుస కొట్టినట్టు ‘స్స్స్’ అంటూ ఉండండి, ఆపకుండానే గొంతు కలపండి. మెడ మీద రెండు వేళ్లు పెట్టుకుంటే వణుకు తెలుస్తుంది. ఆ వణికే సకారమే జెడ్. మీ వాడు అన్న రెండో జూ అదే. రెండు రోజులు వంట చేస్తూ అనుకోండి, మూడో రోజు మీ వారిని అనమనండి. ఆయనకి వస్తుందో రాదో నాకూ తెలుసుకోవాలని ఉంది.

జెడ్ కోసం ఇంత పాకులాట దేనికంటారేమో. అది జూలోనూ జీరోలోనూ మాత్రమే ఉంటే వదిలేయమనేవాణ్నే. కానీ ఎస్ వేషం వేసుకుని ఇంగ్లీషంతా తిరిగేది అదే. పెన్నుకి బహువచనం రాసేటప్పుడు ఎస్ రాస్తాం, పలికేటప్పుడు అది జెడ్. డాగ్స్, బాల్స్, గర్ల్స్ అన్నీ అంతే. ‘ఐస్’ అని గట్టి సకారంతో అంటే మంచు గడ్డ, చివర వణికితే కళ్లు. ‘ప్రైస్’ అయితే ధర, వణికితే బహుమతి.

ఎక్కడ స, ఎక్కడ జెడ్ అన్నదానికి మీ వాడి స్కూలు పుస్తకంలో ఏ రూలు ఉందో గానీ, మీకు తెలిసిన రూలు ఇంకా చక్కగా పనికొస్తుంది. పరుషాలు, సరళాలు. క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు. మెడ మీద వేళ్లు పెట్టుకుని ‘క్’, ‘గ్’ అని చూడండి, ఒకటి వణకదు, ఒకటి వణుకుతుంది. తేడా అంతే. మాట చివర క, ట, ప లాంటి పరుషం ఉంటే బహువచనం ఎస్ సకారమే: క్యాట్స్, కప్స్, బుక్స్. సరళమో, న, ల, మ లాంటిదో, అచ్చో ఉంటే జెడ్. భూతకాలపు ఈ-డీ కూడా ఇదే బాట. ‘వాక్’ పరుషంతో ముగుస్తుంది కాబట్టి ‘వాక్ట్’. ‘స్టాప్’ అయితే ‘స్టాప్ట్’. ‘ప్లే’ అయితే ‘ప్లేడ్’. స, ష, ఫ లు కూడా వణకవు, ఈ-డీ దగ్గర అవీ పరుషాల జట్టే, అందుకే ‘వాష్ట్’. మాట చివరే ట్ గానీ డ్ గానీ ఉంటే, రెండోది పలకడానికి చోటు లేక మధ్యలో చిన్న ఇకారం వస్తుంది, ‘వాంటిడ్’. మన పిల్లలు ‘వాకెడ్’, ‘ఆస్కెడ్’ అనేది కంటికి కనిపించే ఈ-డీని చూసి. పూచెను కలువలు కలిస్తే పూచెను గలువలు అవుతుందని పదో తరగతిలో సరళాదేశం చదివే ఉంటారు. పక్కనున్న దాన్నిబట్టి రంగు మారడం ఇంగ్లీషు వాడి సొంత విద్యేమీ కాదు.

వకారం దగ్గర మాత్రం మనకి నిజంగానే చిక్కు. ఇంగ్లీషులో వీ వేరు, డబ్ల్యూ వేరు. మన వ రెండింటికీ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, అందుకని మనకి రెండూ ఒకటే. అద్దం ముందు నిలబడండి. వీకి కింది పెదవి పైపళ్ల కిందికి పోవాలి, పన్ను కనబడాలి. డబ్ల్యూకి పన్ను కనబడకూడదు. ఈల వేయబోతున్నట్టు పెదవులు గుండ్రంగా చుట్టి, ‘ఉ’ అనబోయి పక్క అచ్చులోకి జారిపోవాలి. వైన్ అంటే సారాయి అయితే ‘ఉఅయిన్’ దగ్గరగా మొదలుపెట్టండి. వైన్ అంటే తీగ అయితే పెదవి కొరకండి.

చూశారా, ఇప్పుడు నేను రెండూ ‘వైన్’ అనే రాశాను. వేరే గత్యంతరం లేదు. బెజవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో ఇన్ని రోజుల్లో ఇంగ్లీషు, అన్ని రోజుల్లో ఇంగ్లీషు అని వరసగా వేలాడుతుంటాయి, ఇంగ్లీషు మాట పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ రాసినవి. మనలో చాలామందిమి వాటితోనే పైకొచ్చాం, వాటిని తిట్టను. కానీ ‘వెస్ట్’ అని రాస్తే పడమరో బనీనో తెలీదు. ‘ఇయర్’ అని రాస్తే చెవో సంవత్సరమో తెలీదు. మీ వాడి నోటుబుక్కులో పెన్సిల్‌తో తెలుగులో ఉచ్చారణ రాసిపెట్టే అలవాటు మీకు ఉంటే (ఉండే ఉంటుంది, మా ఆవిడకీ ఉండేది) అదొక్కటి మానేయండి. చెవితో విననివ్వండి. డిక్షనరీ యాప్‌లో స్పీకర్ బొమ్మ నొక్కితే పలుకుతుంది, అది చాలు.

లిపి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. తెలుగు రాసినట్టే పలుకుతాం, ఇంగ్లీషే తిక్క భాష అంటుంటారు. పూర్తిగా నిజం కాదు. ‘పేరు’ అనండి, ‘బ్రాడీపేట’ అనండి. రెండింటిలోనూ రాసేది పేకారమే. పేటకి నోరు ఎక్కువ తెరుచుకుంటుంది, పెదవులు పక్కలకి సాగుతాయి. మేలు, మేక, అదే తేడా. ‘వచ్చాడు’ అని రాస్తాం, ఏ గుంటూరు జిల్లా మనిషీ అక్కడ నిండు ఆకారం పలకడు. ఆ పేటలో, ఆ వచ్చాడులో ఉన్నదే ఇంగ్లీషు ‘బ్యాట్’లో అచ్చు, కాస్త పొట్టిగా. దాని కోసం మీరు ట్యూషన్‌కి పోనక్కర్లేదు, ఆటోవాడికి అడ్రసు చెప్పండి చాలు.

ఇక ఫోనిక్స్. అందులో పెద్ద రహస్యమేం లేదు. అక్షరం పేరు కాదు, అది చేసే చప్పుడు నేర్పడం. సీ, ఏ, టీ అని కాకుండా క్, య్యా, ట్ అని పలికించి కలిపించడం. ఇక్కడ చాలామంది టీచర్లే తప్పు చేస్తారు: ‘క్’ అనడానికి బదులు ‘క’ అంటారు, ‘ట్’ బదులు ‘ట’. పిల్లాడు కలిపితే ‘కయాట’ వస్తుంది. మీకు పొల్లు తెలుసు. నకారపొల్లు రాసిన చెయ్యి మీది. హల్లుని అచ్చు లేకుండా పలకడం ఏమిటో ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాడికి బొమ్మలేసి చెప్పాలి, మీకు ‘పొల్లు పెట్టి అను నాన్నా’ అంటే సరిపోతుంది.

ఇప్పుడు స్పెల్లింగులు. ఇంగ్లీషులో అక్షరాలు 26, ధ్వనులు 44 దాకా. అచ్చు ధ్వనులే ఇరవై, వాటికి ఉన్న అచ్చక్షరాలు అయిదు. ఇల్లు చిన్నది, చుట్టాలు ఎక్కువ. ఒకే గదిలో ముగ్గురు నలుగురు సర్దుకోవాల్సిందే. అదొక్కటే అయితే ఫర్వాలేదు. గొడవ అచ్చుయంత్రం వచ్చిన వేళలో ఉంది. 1476లో కాక్స్టన్ ఇంగ్లండులో మొదటి ముద్రణశాల పెట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లో ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ కదిలిపోతున్నాయి. 1400 ప్రాంతాల్లో మొదలై 1700 దాకా ఆ కదలిక సాగింది. రాత అచ్చులో గట్టిపడిపోయింది, నోరు మాత్రం నడుస్తూ పోయింది. ‘నేమ్’ని అంతకుముందు ఇంచుమించు ‘నామ’ అనేవారు, చివరి ఈ కూడా పలికేది. మన నామానికి అది దూరపు చుట్టమే. ‘మూన్’లో రెండు ఓలు ఎందుకంటే అప్పట్లో అది ‘మోన్’. గుర్రమెక్కే యోధుడి ‘నైట్’లో కే, జీ, హెచ్ ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తాయి; ఒకప్పుడు మూడూ పనిచేసినవే. ఆ జీ-హెచ్ గొంతులో గీరుకునే ఖకారం లాంటిది. అది కొన్ని మాటల్లో మాయమైంది, కొన్నింటిలో ఫ్ అయి కూర్చుంది. ఓ-యూ-జీ-హెచ్ అని ఒకటే రాసి దో, థ్రూ, టఫ్, కాఫ్, బౌ అని అయిదు రకాలుగా పలకడం అందుకే.

తమాషా ఏమిటంటే, ఆ పాత విలువల్ని మీరు రోజూ వాడుతూనే ఉన్నారు. వాట్సాప్‌లో ‘ఎలా ఉన్నారు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు ఏని ఆకారంగా, ఈని ఎకారంగా, ఐని ఇకారంగా వాడతారా లేదా? ఇంగ్లీషు వాడే ఆ కొలత వదిలేశాడు.

పండితులు చేసిన పని ఇంకో రకం. అప్పు అనే అర్థంలో ‘డెట్’కి బీ లేదు మొదట్లో. లాటిన్ మూలంలో ఉంది కదా అని తెచ్చి తగిలించారు. ‘ఐలాండ్’లో ఎస్ అయితే మరీ అన్యాయం, ఆ మాటకి లాటిన్‌తో సంబంధమే లేదు, ఉందనుకుని పెట్టారు. ‘రిసీట్’లో పీ కూడా ఇలా వచ్చిందే, దానికి తోడబుట్టిన ‘డిసీట్’కి మాత్రం పెట్టడం మర్చిపోయారు. ఈ పీతో నాకు పాత పగ ఉంది. నేనూ తెలుగు మీడియమే. ఇంటర్‌కి బెజవాడ వచ్చిన కొత్తలో క్లాసులో ‘రిసిప్ట్’ అని చదివాను. లెక్చరర్ గారు నన్ను నిలబెట్టి మళ్లీ చదివించారు, మళ్లీ అదే చదివాను, అరవైమంది నవ్వారు. ఆయన ‘జీరో’ని జీలకర్ర జతోనే అనేవారని నాకు తెలిసేసరికి నేనే లెక్చరర్ని అయ్యాను.

మరి బట్టీయా, కాదా? రెండూ. కానీ బట్టీ ముందు కాదు, చివర. ముందు బాటలు చూపించండి. సీ తర్వాత ఈ, ఐ, వై వస్తే స, లేకపోతే క: సిటీ, సెంట్, సైకిల్ ఒక వైపు, క్యాట్, కప్, కాట్ ఇంకో వైపు. ఈ రూలు దాదాపు తప్పదు. జీకి కూడా ఇదే వర్తిస్తుందని పుస్తకాలు అంటాయి, గెట్, గివ్ రాగానే మొహం చాటేస్తాయి. మాట చివర పలకని ‘ఈ’ అక్షరం తన ముందున్న అచ్చుని దాని పేరుతో పలికిస్తుంది: హ్యాట్‌కి ఈ పెడితే హేట్, బిట్‌కి పెడితే బైట్, కట్‌కి పెడితే క్యూట్. పిల్లలకి ఇది భలే నచ్చుతుంది, వాడిచేత ఒక పూట ఆ ఈని పెట్టిస్తూ తీయిస్తూ ఆడించండి.

మీరు ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది జంట అక్షరాల దగ్గర. మనకి ద్విత్వం అంటే నోట్లోనూ ద్విత్వమే. కల వేరు, కల్ల వేరు. అందుకే సమ్మర్‌లో రెండు ఎమ్‌లు చూడగానే రెండూ వత్తుతాం, బటర్‌ని బట్టర్ చేస్తాం, హ్యాపీని హ్యాప్పీ. ఇంగ్లీషులో ఆ రెండో అక్షరం నోటి కోసం కాదు. ముందున్న అచ్చు పొట్టిది సుమా అని కంటికి చెప్పే గుర్తు. ‘హోప్’కి ఐ-ఎన్-జీ చేరిస్తే ఒకటే పీ, ఒంటికాలి మీద గెంతడం అనే ‘హాప్’కి చేరిస్తే రెండు పీలు. పలికేటప్పుడు రెండుచోట్లా పీ ఒక్కటే. ఇది పట్టుబడితే మీ వాడి స్పెల్లింగు తప్పుల్లో మంచి వాటా పోతుంది. మీరు పలికితే విని రాసేది వాడే కాబట్టి, మీరు వత్తకపోవడం ముఖ్యం.

ఏ బాటకీ రానివి మిగులుతాయి. సెడ్, వాజ్, దేర్, పీపుల్, వెన్స్‌డే, ఫ్రెండ్. చిన్నవి, రోజూ వాడేవి, అందుకే అరిగిపోయి వంకరపోయినవి. వీటికి బట్టీయే మందు. రోజుకి మూడు చాలు, పది వద్దు. వెన్స్‌డేకి నేను ఇప్పటికీ మనసులో ‘వెడ్-నెస్-డే’ అని చదువుకునే రాస్తాను. సిగ్గుపడను.

మీరు అడగనిది ఒకటి చెబుతాను, ఎందుకంటే జెడ్ కన్నా, వీ కన్నా అవతలివాళ్లకి మన ఇంగ్లీషు అర్థం కాకుండా చేసేది ఇదే. మన మాటలో అక్షరాలన్నీ పంక్తి భోజనంలో కూర్చున్నట్టు, అందరికీ ఒకే వడ్డన. ఇంగ్లీషు మాటలో ఒకళ్లకే నిండు విస్తరి, మిగతావాళ్లకి చారునీళ్లు. ‘బనానా’ మనం మూడక్షరాలూ నిండుగా అంటాం. వాళ్లకి నడిమి ‘నా’ ఒక్కటే నిండు. అటూ ఇటూ ఉన్నవి నోరు తెరిచీ తెరవనట్టు నలిగిపోతాయి. ఆ నలిగిన అచ్చే ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అచ్చు. దానికి సొంత అక్షరం లేదు. అబౌట్‌లో ఏ, టీచర్‌లో ఈ-ఆర్, డాక్టర్‌లో ఓ-ఆర్, అన్నీ అదే. డిక్షనరీలో తలకిందులైన ‘ఈ’ అక్షరం బొమ్మ కనిపిస్తే అది. నిండు విస్తరి ఎవరిదో, ఆ భాగం ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. ‘ఫోటోగ్రాఫ్’లో గీత మొదట్లో. ‘ఫొటాగ్రఫీ’కి వచ్చేసరికి రెండో దానికి జరుగుతుంది, మొదటి ‘ఫో’ నలిగిపోతుంది. కొత్త మాట వచ్చినప్పుడు మీ వాణ్ని అర్థం అడిగే ముందు ‘గీత ఎక్కడరా’ అని అడగండి.

యాస గురించి బెంగ వద్దు. కార్‌లో ఆర్‌ని లండను మనిషి మింగేస్తాడు, అమెరికా మనిషి పలుకుతాడు, స్కాట్లండు మనిషి మనలాగే పలుకుతాడు. ట్యూషన్‌కి డబ్బు తగలేయకండి. వాడికి స్కూల్లో వినే చప్పుళ్లు ఉన్నాయి. ఇంట్లో పక్కన కూర్చుని తనతోపాటు నేర్చుకునే మనిషి ఉండటం ట్యూషన్‌లో దొరకదు. అమ్మ తప్పు దిద్దాననే గర్వం కూడా వాణ్ని నాలుగు రోజులు పుస్తకం ముందు కూర్చోబెడుతుంది, దాన్ని వాడుకోండి.

ఇక వాడి ప్రశ్న. మంచి ప్రశ్న. ‘వన్’కి మొదట్లో వకారం లేదు. రాత చూపిస్తున్నట్టే ఓకారంతో పలికేవారు. కొన్ని ప్రాంతాలవాళ్లు మొదట్లో ఓ అనబోతూ పెదవులు చుట్టి వకారం చేర్చారు, మెల్లగా అదే అందరిదీ అయిపోయింది. స్పెల్లింగు మార్చలేదు. పాత పలుకు పోలేదు కూడా. ‘ఓన్లీ’లోనూ ‘అలోన్’లోనూ దాక్కుంది, ఆ రెండూ వన్ సంతానమే. ఇదంతా వాడికి వివరంగా చెప్పక్కర్లేదు. ఒకటి నుంచి పది దాకా తెలుగులో గట్టిగా లెక్కపెట్టమనండి. ‘వొకటి’ అనగానే ఆపండి. మనం రాసేది ఒకారంతో కదరా, మరి నువ్వు ఆ వ ఎక్కణ్నుంచి తెచ్చావు అని అడగండి.